కూలి లెక్క చదువుదాం
(మారేడుమిల్లిలో కార్మిక చట్టాల అధ్యయన తరగతి ప్రారంభిస్తూ చేసిన ప్రసంగ పాఠం)

 

కార్మిక చట్టాలు చదువుకోవడానికి ఘాట్ రోడ్డెక్కి ఇంత దూరం రావాలా, రాజమండ్రిలోనో కాకినాడలోనో కూర్చోవచ్చు కదా అని కొందరు మమ్మల్ని అడిగారు. కూలి విషయంలో జరిగిన అన్యాయం తిరుగుబాటుకు కారణమైన మన్యం ఇది. ఆ చరిత్ర తెలియకుండా చట్టం చదివితే అది సెక్షన్ల జాబితాగానే మిగులుతుంది.

1879లో రంప ప్రజలు తిరగబడ్డారు. చిగురు కల్లు మీద వేసిన పన్ను, మన్సబుదారు వసూళ్లు, పోలీసుల దౌర్జన్యం ఇందుకు కారణాలు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు కొట్టుకోవడమే నేరమైంది. గూడెం ప్రాంతంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు గిరిజనులను బలవంతంగా తోలి, న్యాయమైన కూలి ఇవ్వలేదు. అడిగినవారికి దెబ్బలు దక్కాయి. ఈ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెనుక జనాన్ని నిలిపింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. 1924 మే 7న రాజు కాల్చివేతకు గురయ్యాడు.

ఆ కథలో మనవాళ్లు మరచిన ఒక పేరుంది. ఉద్యమానికి ముందు రాజుపై పోలీసులు నిఘా పెట్టిన కాలంలో పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్ ఆయనపై సానుభూతి చూపి, పైడిపుట్టలో భూమి ఇప్పించాడు. ఒకే ప్రభుత్వంలో పనిచేసిన ఇద్దరు అధికారులలో ఒకరు కూలి ఎగ్గొట్టారు, మరొకరు మనిషిని మనిషిగా చూశారు. అయితే కూలివాని బతుకు అధికారి మంచితనం మీద ఆధారపడకూడదు. మంచివాడు బదిలీ అయినా హక్కు నిలిచి ఉండాలి. చట్టం అవసరం అక్కడే మొదలవుతుంది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. వెట్టి అంటే కొరడా పట్టుకుని చేయించే పని ఒక్కటే కాదని 1982లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసు అది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. ఆకలి కూడా మనిషిని బలవంతపెట్టే శక్తేనని ఆ తీర్పు గుర్తించింది. ఆ కేసు ఒక పౌరహక్కుల సంఘం కోర్టుకు రాసిన ఉత్తరంతో మొదలైందని మరువకండి. వివరాలు సేకరించి వరుసగా రాయగలిగితే ఉత్తరానికి కూడా బలముంటుంది.

ఇక మన సంగతి. మన కుటుంబాలలో అధికభాగం ఏ పనులు చేసి బతుకుతున్నాయి? మెకానిక్ షెడ్డు, వెల్డింగు, పెయింటింగు, టైలరింగు, లారీ క్లీనరు పని, బిర్యానీ హోటలు, తోపుడు బండి. తెలంగాణ జిల్లాల్లో ఎందరో అక్కచెల్లెళ్లు బీడీలు చుడుతున్నారు. కడప వైపు నుండి, గోదావరి జిల్లాల నుండి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులున్నారు. వీటిలో చాలా పనులకు నియామక పత్రం ఉండదు, హాజరు పట్టీ ఉండదు, చెల్లింపు రసీదు ఉండదు. మాట మీద మొదలైన పని తగువు వచ్చిన నాడు మాట మీదనే ముగిసిపోతుంది.

మైనారిటీ హక్కులంటే మసీదు, వక్ఫు, రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు అని మన సభల్లో మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. కానీ నెల మొదట్లో చేతికి రావలసిన జీతం కూడా మన హక్కుల జాబితాలోనిదే. హైదరాబాదులో మఖ్దూం మొహియుద్దీన్‌ను కవిగా తలచుకునే మనం, ఆయన కార్మిక సంఘాల నాయకుడన్న సంగతిని కూడా పిల్లలకు చెప్పాలి.

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక కోడ్‌లను అమలులోకి తెచ్చింది. 29 పాత చట్టాల స్థానంలో వేతనాలు, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తిభద్రతలకు ఒక్కొక్క కోడ్ వచ్చింది. వీటిని గుడ్డిగా మెచ్చుకోనక్కరలేదు, చదవకుండా తిట్టనూ అక్కరలేదు. నష్టమేమిటంటే, విద్యుత్తు వాడే కార్ఖానాను ఫ్యాక్టరీగా గుర్తించడానికి ఇదివరకు 10 మంది కార్మికులు చాలు, ఇప్పుడు 20 మంది ఉండాలి. ప్రభుత్వ అనుమతి లేకుండా కార్మికులను తొలగించగల సంస్థల పరిమితి 100 లోపు నుండి 300 లోపుకు పెరిగింది. సమ్మెకు ముందుగా నోటీసు ఇవ్వాలన్న నిబంధన అన్ని పరిశ్రమలకూ వచ్చింది. చిన్న కార్ఖానాలలో పనిచేసే మన పిల్లలకు వీటి దెబ్బ నేరుగా తగులుతుంది.

అదే సమయంలో వేతనాల కోడ్‌లో మనం పట్టుకోవలసిన అంశాలున్నాయి. మొదటిది, కనీస వేతనం ఇదివరకు షెడ్యూలులోని పనులకే పరిమితం. ఇప్పుడది అన్ని పనులకూ వర్తిస్తుంది. రెండవది, రోజు కూలి ఆ రోజు పని ముగిసేసరికి, వారం కూలి వారాంతపు సెలవుకు ముందు, నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా ఇవ్వాలి. పని మాన్పించినా, తానే మానేసినా రెండు పనిదినాలలో బాకీ చెల్లించాలి. మూడవది, అదనపు గంటలకు రెట్టింపు రేటు. నాలుగవది, బాకీపై ఫిర్యాదుకు మూడేళ్ల గడువుంది. ఐదవది అన్నిటికన్నా ముఖ్యం: జీతం ఇచ్చానని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే.

భారం యజమానిదే కదా అని మనం చేతులు కట్టుకుని కూర్చోరాదు. ఎన్ని రోజులు పనిచేశామో, ఎవరి దగ్గర చేశామో చెప్పవలసింది మనమే. కనుక ఈ తరగతిలో మొదటి పాఠం పుస్తకంలోది కాదు, నోటు బుక్కుది. తేదీ, పని, గంటలు, అందిన సొమ్ము, తీసుకున్న అడ్వాన్సు, ఈ ఐదు గడులు ప్రతి సాయంత్రం నింపండి. చదువు రాని తండ్రికి బడికి వెళ్లే కూతురు రాసిపెట్టాలి.

మరొక మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. మనలో కూలి తీసుకునేవారే కాదు, ఇచ్చేవారూ ఉన్నారు. మైదానం నుండి ఈ కొండలకు వచ్చి దుకాణమో హోటలో నడిపేవారు, సంతలో సరుకు కొనేవారు ఉన్నారు. గిరిజన యువకుడికి అడ్వాన్సు ఇచ్చి, ఆ బాకీ చూపి ఏళ్ల తరబడి చాకిరీ చేయించుకుంటే, దానిని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నేరమంటుంది. 14 ఏళ్లు నిండని పిల్లవాడిని పని నేర్పే పేరుతో షెడ్డులో పెట్టుకోవడాన్ని కూడా చట్టం అంగీకరించదు. చెమట ఆరకముందే కూలి చెల్లించాలని నేర్చుకున్న సమాజం ఇతరుల నుండి న్యాయం అడిగే ముందు తన గల్లాపెట్టె దగ్గర దానిని పాటించాలి. అప్పుడే ఆదివాసీ సోదరుడు మన హక్కుల పోరాటంలో మన పక్కన నిలుస్తాడు.

వకీలుకు ఫీజు ఎక్కడిదని బెంగపడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వెట్టి బాధితులు, పారిశ్రామిక కార్మికులు ఉచిత న్యాయసహాయానికి అర్హులు. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఏడుగురు కార్మికులు కలిస్తే సంఘం నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చన్నది 1926 నుండి ఉన్న సూత్రం. అయితే సభ్యుల సంఖ్యపై అదనపు షరతులున్నాయి.

చట్టం దానంతట అది మన గుమ్మం దగ్గరకు రాదు. చదివినవారు చదవనివారికి చెప్పాలి, చెప్పినవారు వెంట నడవాలి. ఈ తరగతి నుండి వెళ్లే ప్రతి ఒక్కరూ తమ వీధిలో ఐదు కుటుంబాలతో కూలి నోటు బుక్కు మొదలుపెట్టించాలని కోరుతున్నాం. వచ్చే నెల మళ్లీ కూర్చున్నప్పుడు ఆ పుస్తకాలు తెచ్చి చూపండి. ఎవరికి ఎంత బాకీ ఉందో లెక్క కట్టి, మొదటి ఫిర్యాదులు ఇక్కడే రాద్దాం.