మంచినీరు – మూడు శాఖలు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శి గారు చెప్పారు కనుక ఆ జోలికి పోను. ఆరోగ్యశాఖలో ముప్పైనాలుగేళ్లు పనిచేసి 2003లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసిందల్లా నీళ్లు, విరేచనాలు. భోజనాల ముందు ఈ మాట ఎత్తుతున్నందుకు మన్నించాలి.

2024 జూన్‌లో జగ్గయ్యపేటలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ అతిసారం వచ్చింది. అది మరువకముందే ఆగస్టు చివర మున్నేరు, పాలేరు పొంగి, ఐతవరం దగ్గర జాతీయ రహదారే మునిగింది. అదే ఏడు అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రాణాలు తీసింది. ప్రభుత్వం ఒక సీనియర్ ఐ.ఏ.ఎస్. అధికారి చేత విచారణ జరిపించవలసి వచ్చింది.

ఇలాంటి వేళ అన్ని శాఖలూ ఒకచోట చేరతాయి. వైద్య శిబిరాలు పెడతారు, ట్యాంకర్లు తిప్పుతారు, రాత్రింబవళ్లు పనిచేస్తారు. ఆ శ్రమను నేను తక్కువ చేయను, నేనూ చేసినవాణ్ణే. నా బాధల్లా ఆ చేరడం జబ్బు వచ్చిన తరువాత జరుగుతుందని.

పని ఎలా పంచి ఉందో చూడండి. ఏ ఇంట్లో ఎవరికి విరేచనాలు పట్టుకున్నాయో ఏ.ఎన్.ఎం. రిజిస్టరులో ఉంటుంది. పైపులైను ఎటు పోయిందో, ఏ వాల్వు కింద ఏ వీధి ఉందో గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుకూ, అంతకంటే బాగా పంపు ఆపరేటరుకూ తెలుసు. ట్యాంకు కడిగించడం, బ్లీచింగ్ పౌడరు కలిపించడం పంచాయతీ పని, పట్టణమైతే మునిసిపాలిటీది. ఎవరి కాగితాలు వారివి సక్రమంగానే ఉంటాయి. అన్నీ ఒక బల్ల మీదికి రావు, అంతే.

1991 వానాకాలంలో పాలేరు ఒడ్డున ఒక ఊరు. పేరెందుకు లెండి, ఆ ఊరివారు ఈ సభలోనూ ఉన్నారు. రెండు రోజుల్లో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. ఒక ముసలమ్మను ఎడ్లబండి మీద ఆసుపత్రికి తీసుకుపోతుండగా దారిలోనే ప్రాణం పోయింది. ట్యాంకు నీళ్లు పరీక్షిస్తే క్లోరిన్ ఉంది. కుళాయిల్లో మాత్రం ఒక వీధిలో ఉంది, పక్క వీధిలో లేదు. డాక్టరు గారికీ నాకూ పాలుపోలేదు. అప్పటి అసిస్టెంటు ఇంజనీరు పంపు ఆపరేటరును వెంటబెట్టుకొని వచ్చి మా రోగుల పట్టిక అడిగాడు. ఆపరేటరు ఒక్కొక్క పేరు చదివించుకొని, “సార్, వీళ్లంతా రెండో వాల్వు కింది వాళ్లే” అన్నాడు. పదకొండు మందిలో తొమ్మిది మంది! ఆ వాల్వు గుంటలో మురుగు నిలిచి ఉంది. నీళ్లు వదిలినప్పుడు పైపు బయటికి కారుతుంది, ఆపినప్పుడు అదే సందు గుండా మురుగును లోపలికి పీలుస్తుంది. పూటకొకసారి నీళ్లిచ్చే ప్రతి ఊళ్లోనూ ఈ ప్రమాదం ఉంది. సాయంత్రానికి వాల్వు మార్చారు. ఆ వీధికి ట్యాంకరు పెట్టారు. ఆ తరువాత కొత్త కేసులు తగ్గిపోయాయి.

ఆ పట్టిక రెండు రోజుల ముందే ఆపరేటరు చేతికి అంది ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

1854లో లండనులో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు, చనిపోయిన వారి ఇళ్లను బట్టి బ్రాడ్ స్ట్రీట్ పంపు మీద అనుమానపడ్డాడని మా ట్రైనింగులో చెప్పేవారు. పంపు పిడి తీయించే అధికారం ఆయనకు లేదు. ఆ పేట పాలకమండలి ఆయన మాట విని తీయించింది. డాక్టరు పేరు పుస్తకాల్లో ఉంది. పాలకమండలిని ఎవరూ తలచుకోరు. మనవంటి ఉద్యోగులకు అలవాటైన సంగతే.

ఇప్పుడు వసతులు మా రోజులకంటే మెరుగు. 2004లో జాతీయ స్థాయిలో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం మొదలైంది. మొదటి విడతలోనే మన రాష్ట్రం చేరింది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక కార్యదర్శి, ఇంజనీరింగ్ అసిస్టెంటు, ఏ.ఎన్.ఎం. ఒకే కప్పు కిందికి వచ్చారు. మేము సైకిలు మీద మూడు ఆఫీసులు తిరిగితే తప్ప జరగని పని, వాళ్లకు కుర్చీ పక్కకు జరిపితే చాలు. జరుపుతున్నారా లేదా అన్నది ఊరిని బట్టి, మనిషిని బట్టి ఉంది.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. అన్ని జబ్బులకూ బ్లీచింగ్ మందు కాదు. మన మెట్టకు ఆనుకొని ఉన్న పాత నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడు ఎందరి ఎముకలు వంచిందో మీకు తెలుసు. దర్శి, పొదిలి వైపు దాన్ని 1937లోనే గుర్తించారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగరాదు. క్లోరిన్ దాన్ని పోగొట్టదు. కాచినా పోదు సరికదా, నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది. కనుక బోరు వేయగానే పరీక్ష చేయించడం, ఆ ఫలితం డాక్టరుకూ పంపడం అవసరం.

ఇక మనం చేయగలిగింది. మన సభ్యుల్లో పంచాయతీరాజ్ వారున్నారు, నర్సమ్మలున్నారు, మునిసిపల్ సిబ్బంది ఉన్నారు. పాత పైపులైన్లు వేయించిన చేతులు ఈ హాల్లోనే ఉన్నాయి. భూమిలో ఏది ఎక్కడుందో కొన్ని ఊళ్లలో కాగితం మీద లేదు, మీ తలలో ఉంది. వానలు పడకముందే ఒక ఉదయం మీమీ సచివాలయానికి వెళ్లి, ఆ పిల్లల చేత వాల్వుల వారీగా వీధుల పట్టిక రాయించండి. ఒక ప్రతి ఏ.ఎన్.ఎం. బల్ల మీద ఉండేలా చూడండి. పెత్తనం చేయడానికి వచ్చారనుకోకుండా, కాస్త మెత్తగా మాట్లాడండి. మనలో కొందరికి ఇంకా ఆఫీసరు గొంతు పోలేదు, నాతో సహా. రాగలిగినవారు భోజనాల దగ్గర కోశాధికారి గారికి పేరూ, ఊరూ చెప్పండి. నందిగామ వైపు వారికి నేను తోడు వస్తాను. జగ్గయ్యపేట వైపు ఎవరైనా ముందుకు రావాలి.