ఫాల్గుణంలో పులికాటు పక్షులు

పంచాంగాన్నిబట్టి ఇది ఇంకా శిశిరమే. వసంతానికి చైత్రందాకా గడువున్నది. కాని పక్షులు పంచాంగం చూడవు. మాఘం వెళ్లి ఫాల్గుణం ప్రవేశించే దినాలలో సూళ్లూరుపేటనుంచి శ్రీహరికోటకు పోయే బాట పట్టిన వారికి ఈ సంగతి బోధపడుతుంది. ఆ బాట పులికాటు సరస్సును అడ్డంగా దాటుతుంది. ఇరుప్రక్కల నిస్సారమైన ఉప్పునీరు, బురద, మధ్యమధ్య తెల్లబారిన పర్రలు. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలుక తరువాత పెద్దది ఇదే.

ఎండ ముదరక మునుపే అక్కడికి చేరుకోవాలి. దూరాన నీటి అంచున తెల్లని గీత గీచినట్లు కనబడేవి ఫ్లెమింగోలు. కావ్యాలలోని రాజహంస ఇదేనా కాదా అనే వాదాన్ని పండితులకు విడిచిపెడదాము. దీని భోజనవిధానం మాత్రం చూడదగినది. పొడవైన మెడ వంచి, తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని పీల్చి వడగడుతుంది. నీరు వెలికి పోతుంది. సన్నని పురుగులూ, నాచూ లోపల నిలుస్తవి. దాని ఒంటి గులాబివన్నె ఆ ఆహారంనుంచి వచ్చినదే. పిల్లలకు ఆ రంగు లేదు, బూడిదవన్నెతో వుంటవి. గుంపు ఒక్కసారి లేచినప్పుడు రెక్కలలోని ఎరుపూ నలుపూ విచ్చుకొంటవి. అది మాటలలో చెప్పి ప్రయోజనం లేదు.

ఇవి మనకు అతిథులు. మన దేశంలో ఇవి గుడ్లు పెట్టే ప్రధాన స్థలం కచ్ఛ్ రణ్. వీటి సరసనే మేసే సూదితోక బాతులు ఇంకా ఉత్తరాన, హిమాలయాలకు ఆవలినుంచి వచ్చినవి. ఈ దినాలలో అవి విరామం లేకుండా మేస్తవి. దూర ప్రయాణానికి కావలసిన కొవ్వు ఒంటికి పట్టించుకోవాలి గదా!

ఇంటివారిని చూడాలంటే నేలపట్టుకు వెళ్లాలి. అది సరస్సుకు సుమారు 20 కిలోమీటర్ల దూరాన, దొరవారిసత్రం మండలంలో వున్నది. 1976లో దీనిని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. చెరువునీటిలోనే కడప చెట్లు పెరిగి వుంటవి. ఆ చెట్లమీద గూడబాతులు కాపురముంటవి. పొలానికి నీరు తోడే గూడవంటి సంచి ముక్కుక్రింద వ్రేలాడుతూ వుండడంచేత మనవారు ఆ పేరు పెట్టారు. ఇంతకన్న సొగసైన పేరు ఏ భాషలోనూ వుండదని మా అభిప్రాయం. ఈశాన్య ఋతుపవనాలకు చెరువు నిండగానే గూళ్లు కడతవి. నెలనాళ్లు పొదుగుతవి. ఫాల్గుణంనాటికి పిల్లలు తల్లులంత ఎదిగినా ఇంకా స్వయంగా మేత సంపాదించుకోలేవు. తల్లి వచ్చి వాలగానే పిల్ల దాని సంచిలో మెడదాకా దూర్చి చేపలు తింటుంది. చూసేవారికి తల్లినే మింగుతున్నదా అనిపిస్తుంది.

ఆ చేపలలో చాలా భాగం పులికాటువి. గూడు ఒక చోట, వంటిల్లు ఒక చోట. ఈ రెండింటిలో ఏది చెడినా కాపురం నిలవదు. నేలపట్టువారు తమ వంతు నెరవేరుస్తూనే వున్నారు. పక్షులు వస్తే వానలు కురుస్తవని వారి నమ్మకం. నమ్మకం మాట ఎట్లా వున్నా, రెట్టలు కలిసిన చెరువునీరు పొలానికి ఎరువన్నది వారి అనుభవం. సరస్సు సంగతి వేరు. సముద్రంతో దానిని కలిపే ముఖద్వారాలను ఇసుక మేటలు పూడ్చివేస్తవి. పోటు నీరు లోపలికి రాకపోతే బాటకు ఉత్తరాన వున్న భాగం త్వరగా ఎండిపోతుంది. అప్పుడు గూడబాతుకే కాదు, పడవ నమ్ముకున్న జాలరికి కూడా చేప దొరకదు.

గూడబాతులు అలిగి వెళ్లిపోవడం మన సీమకు క్రొత్త కాదు. 1946లో పశ్చిమగోదావరి జిల్లాలో, తాడేపల్లిగూడెం ప్రాంతపు పల్లెచెట్లమీద వీటి గూళ్లను చూసి కె. కె. నీలకంఠన్ గారు పక్షిశాస్త్రజ్ఞులకు తెలియజేశారు. తరువాత కొన్ని దశాబ్దాలకే ఆ చెట్లు శూన్యమైనవి.

చూడదలచిన వారు ఈ మాసంలోనే బయలుదేరడం మంచిది. ముదురురంగు దుస్తులు, దుర్భిణి, త్రాగే నీరు చాలును. గూళ్ల దగ్గరకు పోరాదు. బెదరిన పిల్లలు క్రిందపడితే తల్లి తిరిగి ఎత్తుకోలేదు. చైత్రం ముదిరేసరికి చెరువు అడుగు బయటపడుతుంది. ఆలోగా పిల్లలకు రెక్కలు రావాలి.