1853: జమాఖర్చుల రెండు పుటలు



బ్రిటిషు చరిత్రలో 1853వ సంవత్సరమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. ఆ యేడు ఏప్రిల్ 18న ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ తన మొదటి బడ్జెటును కామన్సు సభలో నాలుగు గంటలకు పైగా వివరించెను. పన్ను ఎంత, ఎందుకు, ఎన్నేండ్లు అని ప్రతినిధులకు లెక్క యొప్పజెప్పెను.

నెల దాటినంతనే, మే 21న, మన హైదరాబాదులో వేఱొక లెక్క తేలెను. కంటింజెంటు సైన్యపు వ్యయమునకై నిజాము నాసిరుద్దౌలా బాకీపడెనని ఈస్టిండియా కంపెనీవారు సంధి వ్రాయించుకొని, ప్రత్తి పండు బీరారును, రాయచూరు, నల్దుర్గము సీమలను వశపఱచుకొనిరి.

నేను గ్రామలెక్కలు వ్రాయువాడను. ఖర్చు చూచినచో జమయు చూడవలయును. సికింద్రాబాదు, జాల్నా దండులలోని కల్లు సారాల ఆబ్కారీ రాబడి కంపెనీవారికే చేరుచుండెను. అది తమకు జమకట్టవలసిన సొమ్మని నిజాము పక్షమువారు వాదించిరి. ఆ వాదము వినుటకు మధ్యవర్తి లేడు, అప్పిచ్చినవాడే తీర్పరి. 1860లో బ్రిటిషువారు 50 లక్షల బాకీని మాఫీచేసి రాయచూరు, నల్దుర్గములను మరలనిచ్చిరి. బీరారు మాత్రము రాలేదు. 1902లో ఏటికి 25 లక్షలకు శాశ్వతపు కౌలుగా పోయెను.

ఒకే యేడు, ఒకే ప్రభుత్వము. అచ్చట లెక్క సభలో విప్పబడెను. ఇచ్చట ఒక పుటయే చదువబడెను.

సోదరులారా, రాజ్యమునకు జరిగినదే రైతునకును జరుగును. పత్రముపై వ్రేలిముద్ర వేయుటకు ముందు “నా చెల్లు ఏది?” యని యడుగు ధైర్యము చదువువలన కలుగును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు నేర్పుచున్నది ఆ ప్రశ్నయే.