విదేశ విద్య – విద్యార్థి సంకల్పము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములలో మనము సాధారణముగా రోడ్లను గూర్చియు, మంచినీటిని గూర్చియు, వీధిదీపములను గూర్చియు చర్చించుకొందుము. నేడు వేరొక విషయమును మీ ముందుంచుచున్నాము. మన గ్రామముల నుండి ఎందరో యువతీయువకులు ఉన్నత విద్యకై అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్ దేశములకు పోవుచున్నారు. వారిని పంపుటకై తల్లిదండ్రులు పొలము తాకట్టు పెట్టుదురు. లేదా బ్యాంకులో ఋణము తీసికొందురు. అట్టి కుటుంబములు తరచుగా సలహా అడుగునది మిమ్ములనే. కనుక వీసా ఇచ్చు అధికారి దేనిని పరీక్షించునో మీరు తెలిసికొనియుండుట అవసరము.

మొదట అమెరికా సంగతి చూతము. ఆ దేశమున 1952లో చేసిన వలస చట్టమున 214(బి) అను విభాగము కలదు. విద్యార్థి వీసా కోరు ప్రతి వ్యక్తియు అచటనే స్థిరపడదలచినవాడని దాని ప్రకారము ముందుగా భావింపబడును. అట్లు కాదని నిరూపించు భారము విద్యార్థిదే. తాను నిజముగా చదువుకొనుటకే పోవుచున్నాననియు, అందుకు తగిన అర్హతయు ధనమును తనకు కలవనియు, స్వదేశమందలి నివాసమును విడుచు ఉద్దేశము లేదనియు అతడు అధికారికి నమ్మకము కలిగింపవలెను.

ఆస్ట్రేలియా ప్రభుత్వము 2024 మార్చి 23 నుండి ‘నిజమైన విద్యార్థి’ అను నియమమును అమలులోనికి తెచ్చినది. అభ్యర్థి తన కుటుంబ పరిస్థితులను, ఆ చదువునే ఆ దేశముననే ఎన్నుకొనుటకు గల కారణములను, దానివలన తనకు కలుగు ప్రయోజనమును వ్రాయవలెను. ఒక్కొక్క ప్రశ్నకు జవాబు 150 మాటలకు మించరాదు.

నిజము నిలకడమీద తెలియునని మన పెద్దలందురు. కాని అమెరికా కాన్సులేటులో ముఖాముఖి కొద్ది నిమిషములలోనే ముగియును; అచట నిలకడకు వ్యవధి లేదు. ఆ విశ్వవిద్యాలయమునే ఏల ఎన్నుకొంటివని అడిగినప్పుడు, అది చాల గొప్పదని చెప్పినచో అది జవాబు కాదు. ఇంజనీరింగు చివరి సంవత్సరమున వేరుసెనగ ధరల హెచ్చుతగ్గులపై పని చేసితిననియు, అట్టి లెక్కలను లోతుగా నేర్పు పాఠములు అచట కలవనియు చెప్పిన విద్యార్థి మాటలో అతని చదువే కనిపించును. కన్సల్టెన్సీవారు పదిమందిచే వల్లె వేయించిన జవాబు పదిమందిని అనుమానమునకు గురిచేయును.

ధనము విషయము కూడ ఇట్టిదే. అప్పు తెచ్చిన సొమ్మును నాలుగు దినములు ఖాతాలో చూపి తిరిగి ఇచ్చివేయు పద్ధతి కొన్నిచోట్ల కలదు. బ్రిటన్ నియమముల ప్రకారము ఖాతాలో చూపు సొమ్ము వరుసగా 28 దినములు నిల్వయుండవలెను. 214(బి) క్రింద వీసా నిరాకరింపబడినవాడు కట్టిన రుసుము పోగొట్టుకొనును గాని, మరల దరఖాస్తు చేసికొనవచ్చును. దొంగ పత్రములు చూపి పట్టుబడినవానికి అమెరికా ద్వారము శాశ్వతముగా మూతపడవచ్చును.

వీసా చేతికి వచ్చినంతనే ఈ పరీక్ష ముగియదు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ‘ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము’ అను పేర ఒక సంస్థ యుండెడిది. అందు ఉపాధ్యాయులు లేరు, తరగతులు లేవు. వలస నేరములను పట్టుకొనుటకు ఆ దేశపు ప్రభుత్వాధికారులే దానిని నడిపిరి. 2019 జనవరిలో ఆ గుట్టు బయటపడి, తొలుత నిర్బంధింపబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులే యైరి. వారిలో తెలుగువారు పెక్కురు. మోసపోయితిమని విద్యార్థులు చెప్పిరి. తెలిసియే చేరిరని ప్రభుత్వము వాదించినది. ప్రభుత్వపు జాబితాలో ఆ సంస్థ పేరుండినది. కావున జాబితాలో పేరు చూచినంత మాత్రమున చాలదు. తరగతులు నిజముగా జరుగుచున్నవా యని విచారింపవలెను.

సభ్యులారా! మీరు చేయదగిన పనులు మూడు కలవు. సలహాకై వచ్చిన విద్యార్థిని, తాను ఏమి చదువబోవుచున్నాడో, ఎందులకో తన తల్లిదండ్రులకు తెలుగులో చెప్పుమనుడు. వారికి బోధపడునట్లు చెప్పలేనివాడు అధికారికిని చెప్పలేడు. రెండవది, ఆదాయము గాని ఆస్తి గాని ఉన్నదానికంటె హెచ్చుగా చూపు పత్రముపై ఎవరడిగినను సంతకము చేయవలదు. మొగమాటముతో చేసిన సంతకము ఆ బిడ్డకే చేటు తెచ్చును. మూడవది, పొలము తాకట్టు పెట్టకముందే మొత్తము ఖర్చును, ఋణము తీర్చు మార్గమును కాగితముపై వ్రాయించుడు.

వీసా రాకపోవుట తలవంపు కాదు. మరుసటి యేడు మరల ప్రయత్నింపవచ్చును, ఇచటనే చదువుకొనవచ్చును. కల్లలాడి పోయినవాని వెంట భయము కూడ పోవును. మన బిడ్డలు ఏ దేశమునకు పోయినను తరగతి గదిలో ధైర్యముగా కూర్చుండగలుగునట్లు మీరు తోడ్పడుదురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.