పేరు నల్లగొండది, ప్రయోగశాల ఎవరిది?

(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నల్లగొండ పేరు మీద ఒక శాస్త్ర విధానం ఉన్నదని మనలో ఎందరికి తెలుసు? పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి అది. లోకం దాన్ని 'నల్లగొండ టెక్నిక్' అంటది. తయారు చేసింది మాత్రం నాగపూర్‌లోని నీరి సంస్థ. ఆ శాస్త్రవేత్తలకు దండం పెడుదాం. కానీ ఎముకలు వంగింది మన పిల్లలవి, పరిశోధన జరిగింది వేరే ఊర్లె. ఈ ముచ్చట మనల్ని నిమ్మళంగ కూసోనియ్యొద్దు.

ఇయ్యాల నీటిశుద్ధి పరిశోధన నానో దాకా పోయింది. నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్లవ వంతు. మన తలవెంట్రుక మందమే సుమారు 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు. పదార్థాన్ని అంత చిన్నగ చేస్తే గుణమే మారుతది. పచ్చని బంగారం ఎర్రగ కనబడుతది. బరువుతో పోలిస్తే ఉపరితలం బాగా పెరుగుతది కాబట్టి, నీళ్లలోని విషాన్ని పట్టుకునే బలమూ పెరుగుతది. మద్రాసు ఐఐటీలో ప్రొఫెసర్ ప్రదీప్ బృందం ఈ దారిలనే ఆర్సెనిక్‌ను తీసే పదార్థాలు చేసింది. మన బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ నానో వెండి పూసిన సిరామిక్ క్యాండిల్‌తో క్రిములను చంపే ఫిల్టర్ చేసింది.

అంటే విద్య మన గడప దాకా వచ్చింది. లోపలికి పోయేదెవరు? 2007లో కేంద్రం ఐదేండ్లకు 1000 కోట్లతో నానో మిషన్ పెట్టింది. అందులో జిల్లా డిగ్రీ కాలేజీకి చేరిందెంతో మీరే చెప్పాలె. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మ చూసి పరీక్ష రాసిన పిల్లగాడు శాస్త్రవేత్త ఎట్లయితడు? పుస్తకం చదివితే ఈత రాదు, బాయిల దుంకాలె.

దారి లేక కాదు. 2008లో బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయి ఐఐటీలు బయటి కాలేజీల వాళ్లను తమ నానో ఎలక్ట్రానిక్స్ ల్యాబులకు పిలిచి చేతిపని నేర్పే కార్యక్రమం మొదలుపెట్టినయి. మన హైదరాబాద్ సంస్థలు పాలమూరు, ఆదిలాబాద్ పిల్లలకు అట్లనే తలుపులు తెరవాలె. ఎండకాలం సెలవుల్ల హాస్టల్, స్టైపెండ్ ఇచ్చి యంత్రం ముందట నిలబెట్టాలె. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం ఒక్కచోట నేర్పాలె. సన్నపొడి ఊపిరితిత్తులకు పోకుండ జాగ్రత్తలూ నేర్పాలె. కాలేజీల్ల లెక్చరర్, ల్యాబ్ అసిస్టెంట్ ఖాళీలుంటే నింపాలె. ప్రాజెక్టుకు అంశం ఎక్కడినుంచో తేవద్దు, పిల్లగాని ఊరి నీళ్లనే ఇయ్యాలె.

1969లో మన విద్యార్థులు కొట్లాడిన్రు. 1972లో జై ఆంధ్ర ఆందోళన వచ్చింది. ఆ తర్వాత 1973 ఆరు సూత్రాల పథకంలో హామీ ఇచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో హైదరాబాద్‌కు వచ్చింది. ఉద్యమాలు నడిచిన నేల మీద విశ్వవిద్యాలయం లేచిందని మరువొద్దు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని మేం గొంతు చించుకున్న రోజుల్ల చదువు ఆ మూడింట్ల కలిసే ఉన్నదనుకున్నం. కాదు, విడిగ అడగాలె. రేపు ఫ్లోరైడ్‌కు కొత్త మందు కనిపెడితే ఆ పద్ధతికి నల్లగొండ పేరు కాదు, నల్లగొండ బిడ్డ పేరు ఉండాలె.

జై తెలంగాణ!