నొప్పి నరానికి కరెంటు వైద్యం: పుస్తెలు తాకట్టు పెట్టే ముందు

(షోలాపూర్ కార్మికుల ఆరోగ్య సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనసు మాట, కూలిరేట్ల మాట ఇవాళ పక్కన పెట్టాను. నొప్పి గురించి మాట్లాడతాను. జ్వరం వస్తే థర్మామీటరు చెబుతుంది. ఎముక విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. నొప్పిని కొలిచి చూపించే మిషను మాత్రం లేదు. అందుకే నెలల తరబడి నొప్పి అంటే జాబరు నమ్మడు, ఒక్కోసారి ఇంట్లోవాళ్లూ నమ్మరు. మూడు నెలలు దాటినా పోని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఈ హాల్లో చేతులెత్తమంటే సగం మంది ఎత్తుతారు.

నెల కిందట ఒక తమ్ముడు ఆఫీసుకు వచ్చాడు. సాంచా గేరులో చెయ్యి పడి రెండు వేళ్లు పోయినవాడు. గాయం ఎప్పుడో మానింది. కాని ఆ లేని వేళ్లు మండుతున్నాయంటాడు, అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. ఇది పిచ్చి కాదు, నాటకమూ కాదు. తెగిన నరం కొస గడ్డకట్టి తప్పుడు కబుర్లు పంపుతూనే ఉంటుంది, మెదడులో ఆ వేళ్ల చోటు అలాగే ఉంటుంది. ఒక పెద్ద ఊళ్లో ప్రైవేటు ఆసుపత్రివాళ్లు నరం పక్కన సన్నటి వైరు పెట్టి కరెంటు ఇస్తాం, నొప్పి పోతుంది అన్నారట. ఖర్చు లక్షల్లో. భార్య పుస్తెలతాడు తాకట్టు పెట్టి కొంత అడ్వాన్సు కట్టేశాడు. "అన్నా, పెట్టించుకోనా వద్దా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు కోసం దొరికినంత చదివాను, తెలిసిన డాక్టర్లను అడిగాను. అదే మీ ముందు పెడుతున్నాను.

ముందు ఇదేమన్నా మోసమా అంటే, కాదు. మోకాలికి సాంచా చెక్క తగిలితే మనం ఏం చేస్తాం? గబగబా రుద్దుకుంటాం. ఎందుకు తగ్గుతుంది? 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనికి ఒక కారణం చెప్పారు. స్పర్శను మోసే నరాల పోగులు లావుగా ఉంటాయి, నొప్పిని మోసే పోగులు సన్నగా ఉంటాయి. రెండూ వెన్నుపాములోకే వస్తాయి. అక్కడ గేటు లాంటిది ఉంది. లావు పోగుల కబురు ఎక్కువైతే ఆ గేటు మూసుకుంటుంది, నొప్పి కబురు లోపలికి పోవడం తగ్గుతుంది. గేటు దగ్గర ఎవరిని ఆపుతారో, ఎవరిని వదులుతారో మిల్లువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ సిద్ధాంతంలో కొన్ని వివరాలను తర్వాతివాళ్లు సరిదిద్దారు, మూలం మాత్రం నిలిచింది.

1967లో ఆ వాల్, స్వీట్ అనే ఇంకో డాక్టరుతో కలిసి ఈ కరెంటును మొదట తమ ముఖాల మీదే, కంటి కింది నరం దగ్గర సూది పెట్టుకుని చూసుకున్నాడు. తర్వాత ఎనిమిది మంది రోగులకు పెట్టారు. నరం జబ్బు ఉన్న నలుగురికి రెండు నిమిషాల కరెంటుతో అరగంటకు పైగా నొప్పి తగ్గింది. ఆలోచన ఇంకా పాతది. మొదటి శతాబ్దంలో రోమ్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ కీళ్లవాతానికి కరెంటు కొట్టే చేపను కాళ్ల కింద పెట్టమని రాశాడు. మన దగ్గర ఆ చేపను తెచ్చి అమ్మేవాడు లేకపోవడం మంచిదే.

మొదట్లో చర్మం కోసి, నరాన్ని బయటికి తీసి వైరు పెట్టేవారు. 1999లో అమెరికాలో తల వెనుక నరానికి సూదితోనే వైరు పెట్టే పద్ధతి వచ్చాక పని తేలికైంది. ఇప్పుడు స్కానింగులో నరాన్ని చూస్తూ దారమంత వైరును దాని పక్కకు పంపుతారు. బయట చిన్న బ్యాటరీ పెట్టె ఉంటుంది. కరెంటు పోతున్నప్పుడు ఆ చోట జివ్వుమంటుంది. ఒక రకంలో 60 రోజులుంచి వైరు తీసేస్తారు. ఇంకో రకంలో వైరు లోపలే ఉండిపోతుంది.

ఇక ఫలితం. లోపలే ఉంచే రకం మీద అమెరికాలో 94 మందితో పరీక్ష చేసి 2016లో ప్రకటించారు. మూడు నెలలకు నిజం కరెంటు అందినవాళ్లలో 38 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు జరిగింది, ఉత్తుత్తి కరెంటు వాళ్లలో 10 శాతానికి. తేడా పెద్దదే. కాని వందలో 62 మందికి ఆ మేలు అందలేదన్న మాట కూడా అదే లెక్కలో ఉంది. అమ్మేవాడు 38 చెబుతాడు, 62 మనమే తీసేసి చూసుకోవాలి. 60 రోజుల రకాన్ని కాలు తీసేసిన 28 మంది మీద పరీక్షించారు, 2019లో ప్రకటించారు. మొదటి నాలుగు వారాల్లో 58 శాతం మందికి నొప్పి సగమో అంతకన్నా ఎక్కువో తగ్గింది, ఉత్తుత్తి వాళ్లలో 14 శాతానికి. మంచి ఫలితమే. అయితే మనుషులు కొద్దిమంది, పోయింది కాళ్లు. మన తమ్ముడికి పోయింది వేళ్లు.

కాబట్టి వద్దని నేను అనలేదు. వరుస తప్పొద్దన్నాను. నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, ప్రెగాబలిన్ లాంటి మాత్రలు డాక్టరు చూసి ఇస్తారు. చాయ్‌తో పాటు మెడికల్ షాపులో కొని మింగే డైక్లోఫినాక్ వేరు, అది రోజూ పడితే కడుపు, మూత్రపిండాలు పాడవుతాయి. చర్మం మీద పట్టీలు అంటించి కరెంటు ఇచ్చే టెన్స్ మిషను ఫిజియోథెరపీ గదిలో సాధారణంగా ఉంటుంది. పెట్టినంతసేపు, ఆ తర్వాత కొంతసేపు కొందరికి హాయిగా ఉంటుంది. కోత లేదు. బీడీలు చుట్టే అక్కలకు, కండెలు చుట్టే అక్కలకు మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతే, ఆ నొక్కుడు తీయకుండా వైరు పెట్టడం పని కాదు.

ఇవన్నీ అయ్యాక వైరు మాట వస్తే డాక్టరును నిలదీసి అడగండి. ఏ నరం అన్నది ఎలా తేల్చారు? ఆ నరం దగ్గర మత్తు ఇంజెక్షను ఇచ్చి నొప్పి ఆగిందో లేదో చూశారా? కొన్నాళ్లు తాత్కాలికంగా పెట్టి చూస్తారా? చీము పడితే, వైరు జరిగితే ఖర్చెవరిది? గుండెకు పేస్‌మేకరు ఉంటే ముందే చెప్పండి.

ఒక మాట కోపంగానే చెబుతాను. 1923 నాటి నష్టపరిహార చట్టం షెడ్యూలులో బొటనవేలికి 30 శాతం, చూపుడువేలు పూర్తిగా పోతే 14 శాతం అని సంపాదన నష్టం రాశారు. వేలు పోయిన తర్వాత మిగిలే మంటకు అందులో గడి లేదు. అందుకే నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ పని ఆగిపోయింది, రాత్రి ఎన్ని గంటలు నిద్ర అన్నది ప్రతిసారీ డాక్టరు చేత కేసు పేపరు మీద రాయించండి. షెడ్యూలులో లేని గాయానికి సంపాదన ఎంత తగ్గిందో డాక్టరే తేల్చాలి. ఆయనకు ఆధారం ఆ కాగితాలే.

తమ్ముడు తెచ్చిన కాగితాలు చదివాం. మత్తు ఇంజెక్షను పరీక్ష అందులో ఎక్కడా లేదు. అడ్వాన్సు వెనక్కి అడుగుతూ ఉత్తరం రాశాం. మంగళవారం ఉదయం అతన్ని ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళుతున్నాం. వైండింగు ఖాతా నుంచి ఇద్దరు అక్కలు కూడా వస్తామన్నారు. ఇంకెవరైనా ఉంటే పాత చీటీలన్నీ తీసుకుని ఎనిమిదింటికి ఆఫీసు దగ్గరికి రండి.