ధర్మనిధి - దాని వినియోగము



పేదకుటుంబముల బిడ్డల చదువునకై మనము కూర్చిన నిధినిగూర్చి మాటాడుమని నన్నాజ్ఞాపించితిరి. తత్పూర్వము అన్యదేశమందలి యొక ధర్మనిధి చరిత్రమును విన్నవించెదను.

అమెరికాయందు జూలియస్ రోజెన్‌వాల్డు అను వర్తకుడుండెను. ఆయన 1862లో జన్మించి, సియర్సు రోబక్ కంపెనీకి అధిపతియై అపారధన మార్జించెను. ఆ దేశపు దక్షిణరాష్ట్రములలో నల్లజాతి బిడ్డలకు నాడు తగిన బడులు లేకుండెను. టస్కెగీ విద్యాలయస్థాపకుడగు బుకర్ టి. వాషింగ్టన్ ప్రోత్సాహమున ఆయన 1912లో తన యేబదియవ జన్మదినమున ఆ విద్యాలయమునకు ద్రవ్యమొసగెను. అందు మిగిలిన సొమ్ముతో అలబామాలో ఆరు చిన్నబడులు వెలసెను. 1917లో ధర్మనిధి యేర్పడెను. 1932 నాటికి పదునైదు రాష్ట్రములలో 4,900కు పైగా బడులు నిర్మింపబడెను.

దాత యొక నియమము పెట్టెను: వ్యయములో కొంత ఊరివారును, కొంత ప్రభుత్వమును భరింపవలెను. పైకము లేనివారు స్థలము, కలప, కాయకష్టము నిచ్చిరి. కొందరు బడికొరకే కొంతనేలలో ప్రత్తి పండించిరి. తుదకు లెక్క చూడగా నిధి యిచ్చినది సుమారు 44 లక్షల డాలర్లు. నల్లజాతివారిచ్చినది 47 లక్షలు! తక్కినదానిలో పెద్దభాగము ప్రభుత్వ ధనము. పన్ను కట్టినవారే మరల చందా యిచ్చుట న్యాయమా యని కొందరడిగిరి. ఆ ప్రశ్న సమంజసమే. అయినను ఆ బడి దాత భిక్షగాక తమ సొత్తని వారు గర్వించిరి.

రోజెన్‌వాల్డు శాశ్వతనిధుల నంగీకరింపలేదు. తన మరణానంతరము ఇరువదియైదేండ్లలో అసలుతోగూడ వ్యయపరుపవలెనని శాసించెను. ఆయన 1932లో గతించెను. 1948లో నిధి ముగిసెను.

మహాజనులారా! మన నిధి బ్యాంకులో భద్రముగా నున్నది. మనము వడ్డీనే పంచుచున్నాము. ఈయేడు ఫీజు కట్టలేక బడి మానిన బాలికకు పదేండ్ల పిమ్మటి వడ్డీ యేమి యుపకరించును? కావున రెండు మనవులు. అసలులో కొంతభాగమును ఏటేట వ్యయపరుపుడు. సహాయము పొందు కుటుంబముల పెద్దలను నిర్వాహకసభలో కూర్చుండబెట్టుడు. వారి యవసరము వారికే యెరుక.

కడపటి మాట. ఆ దాత యూదుడు. ఆయన బడులు కట్టించినది పరులకు. మన వసతిగృహమున ఖాళీగానున్న గదులను ఇతరకులముల పేదబిడ్డలకు తెరచినచో మన కులగౌరవము తరుగదు, పెరుగును. తీర్మానము మీయధీనము.